మేరమ్మ రెండో డబ్బా

పచ్చదారం పక్కకి తప్పించి, డబ్బా మూత తీసి, పైనున్న బిస్కెట్టు అంచు చిటికెడు విరిచి నాలుక మీద వేసుకున్న నూర్‌బీకి వెంటనే తెలిసిపోయింది: అది జొన్నపిండి కాదు, మైదా.

ఉమ్మేసింది. నోరు పుక్కిలించి మరో ముక్క వేసుకుంది. అనుమానం లేదు. నోట్లో పడీ పడగానే కరిగిపోతోంది. నాలుగు రోజుల కిందట తన చేత్తో పేర్చిన బిస్కెట్టు ఇలా కరగదు. పళ్ల కింద కరకరమంటుంది, ఆఖర్న నువ్వుల చిరుచేదు తగులుతుంది.

డబ్బా మేరమ్మది. ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి, తిరువూరు చుట్టుపక్కల సగం ఊళ్ల పిల్లల్ని తన చేతుల మీదుగా భూమ్మీదికి తెచ్చిన మేరమ్మ, సొంత మనవరాలు సువార్త విషయంలో మాత్రం రెండేళ్లు ఏమీ చేయలేకపోయింది. ఆరేళ్ల పిల్ల. పొట్ట కుండలా ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై, తిన్నది తిన్నట్టే పోతుంటే బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. చివరికి వేలూరు తీసుకెళ్తే అక్కడి డాక్టర్లు తేల్చిన సంగతి ఒక్కటే. గోధుమ ఈ పిల్లకి విషం. బళ్లో మధ్యాహ్నం పెట్టే ఉప్మా, జ్వరం వస్తే తినిపించే రొట్టె, ఇవే పిల్లని లోపల్లోపల తినేశాయి. పాలు, నెయ్యి, గుడ్డు కూడా ఆ పేగులు తట్టుకోలేవు. అవన్నీ మానేశాక పది నెలల్లో సువార్త మనిషైంది. "మళ్లీ గోధుమ పడితే ఈసారి నిలబెట్టడం కష్టం" అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

అంతా బాగానే ఉండగా పండగ వచ్చింది. తిరువూరులో పండగలకైనా సెలవలకైనా జనం దారి పట్టేది ఖాజావలి భట్టీకే. ఎవరి పిండి, ఎవరి పంచదార, ఎవరి డాల్డా వాళ్లు తెచ్చిస్తారు. ఖాజావలి, అతని భార్య నూర్‌బీ బిస్కెట్లు కాల్చి వాళ్ల డబ్బాల్లోనే నింపి ఇస్తారు. ఆ 1974లో బక్రీదూ క్రిస్మసూ ఒకే వారంలో పడ్డాయి. భట్టీ చల్లారలేదు. వీధిలో పిల్లలందరూ డబ్బాలు మోసుకుపోతుంటే అరుగు మీద కూర్చుని ఊరికే చూస్తున్న సువార్త నూర్‌బీ కంటబడింది. ఆగలేక మాటిచ్చేసింది.

"నీకూ చేసిపెడతానే."

గోధుమ లేకుండా, పాలూ నెయ్యీ గుడ్డూ లేకుండా బిస్కెట్టు! ఖాజావలి నవ్వాడు. మొదటిసారి పొడైంది. రెండోసారి రాయైంది. మూడోసారి రేకుకి అతుక్కుంటే ఉలి పెట్టి గీకాల్సి వచ్చింది. నాలుగోసారి జొన్నపిండిలో వేయించిన పల్లీల పొడి, బెల్లం, కొబ్బరిపాలు, నువ్వులనూనె కలిపి, పట్టు కోసం సగ్గుబియ్యం ఉడికించిన జిగురు పోసి పిసికితే, బిస్కెట్టు నిలబడింది. గురువారం తెల్లారగానే, మైదా మూట విప్పకముందే, రేకులు చింతపండుతో బూడిదతో తోమి, రెండు డబ్బాల జొన్నబిస్కెట్లు తీసింది.

అన్నీ ఒక్కసారే ఇంటికి చేరిస్తే పిల్ల పండగదాకా ఉంచదని మేరమ్మ రెండు డబ్బాల్నీ భట్టీ గూట్లోనే ఉంచమంది. ఇవాళ సోమవారం. పొద్దున పదింటికి వచ్చి ఒకటి తీసుకెళ్లింది. రెండోది మెత్తబడిందేమో చూద్దామని నూర్‌బీ ఇప్పుడు తెరిచింది.

ఇప్పుడు పన్నెండు.

"ఏమండీ!" అని నూర్‌బీ వేసిన కేకకి భట్టీ నోటి దగ్గర పొడుగు కర్రతో రేకు లాగుతున్న ఖాజావలి చెయ్యి కాల్చుకున్నాడు.

"ఏంటే ఆ అరుపు? పామా?"

"పామైనా బాగుండు. ఇది తినండి."

తిన్నాడు. అతనికీ అర్థమైంది. కాని మగవాడు కనక ముందుగా తేలిక మాటే వచ్చింది. "డబ్బాలు తారుమారై ఉంటాయిలే. గుడ్డు పడని డబ్బాలన్నిటికీ పచ్చదారమే కడతామాయె. పద్దెనిమిది ఉన్నాయి గూట్లో."

"డబ్బా మారలేదండీ. చూడండి." డబ్బా తిరగేసింది. అడుగున మేకుతో గీసిన అక్షరం. మేరమ్మ తన సామాను అంతటి మీదా గీసుకునే 'మే'. "డబ్బా పిన్నిదే. లోపలివే వేరు. ఎవరో జొన్నవి తీసేసి, మైదావి పోసి, మళ్లీ దారం కట్టారు. కావాలని కట్టారు."

ఖాజావలి నుదుటి చెమట భుజంతో తుడుచుకున్నాడు. "బస్టాండు దగ్గర కొత్తగా కరెంటు పొయ్యి పెట్టినవాడి పనే! మన భట్టీ బిస్కెట్టు తిని పిల్ల చచ్చిందంటే ఇక మన గుమ్మం ఎవరు తొక్కుతారు? వాణ్ణి..."

"ఎవడి పనో తర్వాత చూద్దాం! మొదటి డబ్బా పోయి రెండు గంటలైంది!"

ఆ మాట తన నోటి నుంచే వచ్చినా, చెవిన పడ్డాక గానీ దాని బరువు నూర్‌బీకి తెలియలేదు. డబ్బా కొంగు కింద పెట్టుకుంది. చెప్పులు వెతుక్కునే తీరిక లేదు. పరుగందుకుంది.

* * *

డిసెంబరైనా తిరువూరు మెట్ట ఎండ మిట్టమధ్యాహ్నం చురుక్కుమంటుంది. విస్సన్నపేట బస్సు దిగిన జనం రోడ్డుకడ్డం నిలబడి సంచులు సర్దుకుంటున్నారు. "ఏమ్మా, ఏంటా పరుగు? భట్టీ అంటుకుందా?" అని ఎవరో ఆటపట్టించారు. నూర్‌బీకి వినబడలేదు. ఆమె మనసులో ఒకటే లెక్క తిరుగుతోంది. పది నుంచి పన్నెండు. రెండు గంటలు. ఒకటి తినిందా? రెండా? ఒక్కటి తిన్నా చాలా?

యా అల్లా, ఆ పిల్లకి ఆశ పెట్టింది నేను. ఊరుకుంటే పోయేది. జన్మంతా బిస్కెట్టు తినకపోతే ఎవరూ చచ్చిపోరు.

చర్చి సందు మలుపు తిరిగింది. మేరమ్మ ఇంటి అరుగు మీద సువార్త కూర్చుని ఉంది. ఒళ్లో డబ్బా. చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. రెండు బుగ్గలూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. నూర్‌బీని చూసి, నోరు తెరవకుండానే, కళ్లతో నవ్వింది.

నూర్‌బీ ఒక్క ఉదుటున అరుగెక్కి పిల్ల దవడ పట్టుకుని, వేలు పెట్టి నోట్లోది మొత్తం బయటికి లాగింది. లాగిన ముద్ద లాగినట్టే తన నోట్లో వేసుకుంది.

పిల్ల కాసేపు బిత్తరపోయింది. తర్వాత ఊరంతా వినిపించేలా రాగం తీసింది.

"నానమ్మా! నూర్‌బీ అత్త నా బిస్కెట్టు తినేస్తోందీ!"

మేరమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చేసరికి నూర్‌బీ కళ్లు మూసుకుని నములుతోంది. నెమ్మదిగా నములుతోంది. నాలుక అటూ ఇటూ తిప్పుతోంది. పిల్ల ఎంగిలి, బెల్లం, కొబ్బరి... పళ్ల కింద ఇసుకలా ఏదో కరకరమంది. ఆఖర్న, అదిగో, నువ్వుల చేదు.

జొన్నే.

నూర్‌బీ అరుగు మీదే చతికిలబడింది. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లనీళ్లొచ్చాయి. తుడుచుకోకుండా పిల్లని లాగి ఒళ్లో వేసుకుంది.

"ఏమ్మాయ్, నీకేమన్నా మతి పోయిందా?" అంది మేరమ్మ, గరిటె నడుమున ఆనించుకుని. "ఇంట్లో తిండి లేదా? పసిదాని నోట్లోది పీక్కు తింటున్నావేంటి?"

"పిన్నీ, ముందు నువ్వు కూర్చో."

"నేను కూర్చుంటే పప్పు మాడుద్ది."

"మాడనీ."

ఆ గొంతులో ఏముందో, మేరమ్మ గరిటెతో సహా కూర్చుంది. నూర్‌బీ కొంగు కింది డబ్బా తీసి ముందు పెట్టి సంగతి చెప్పింది. వింటున్నంతసేపూ మేరమ్మ చెయ్యి మనవరాలి పొట్ట మీదే ఉంది. నర్సు చెయ్యి. నొక్కి చూసింది, నాలుక చాపమంది, కనురెప్ప కిందికి లాగింది.

"ఎన్ని తిన్నావే?"

"మూడు," అంది సువార్త ముక్కు తుడుచుకుంటూ.

"నేను ఒకటే కదే తినమంది?"

"నువ్వు ఒకటి అన్నావు. మిగతా రెండూ నేను అన్నాను."

ఒకటి జొన్నదైనంత మాత్రాన అన్నీ జొన్నవేనని ఏంటి నమ్మకం? ఇద్దరాడవాళ్లూ డబ్బా నేల మీద బోర్లించారు. ఒక్కో బిస్కెట్టూ తీసి, మూల విరిచి, ఒకరు వాసన చూస్తే ఒకరు నమిలారు. నూర్‌బీ "జొన్నే" అంటే, మేరమ్మ "జొన్నే" అని తలూపి పళ్లెంలో వేసింది. ఒక్కొక్కదానికీ మూల ఎగిరిపోతుంటే సువార్త ప్రాణం విలవిల్లాడింది.

"ఇంక చాలు! అన్నీ మీరే కొరికేస్తున్నారు! పండక్కి అమ్మా నాన్నా కొత్తగూడెం నుంచి వస్తే వాళ్లకి ఎలకలు కొరికినవి పెట్టాలా?"

"ఎలకలేనే. ముసలెలక ఒకటి, పడుచెలక ఒకటి," అంది మేరమ్మ. అనేసి పకపకా నవ్వింది. రెండేళ్లలో ఆమె అలా నవ్వడం నూర్‌బీ చూడలేదు.

ఆఖరి బిస్కెట్టు కూడా పళ్లెంలో పడింది. పందొమ్మిదింటికి పందొమ్మిదీ జొన్నవే. మొదటి డబ్బా జోలికి ఎవరూ పోలేదు. మేరమ్మ "ప్రభువా" అని ఒక్క మాట అనుకుని, లోపలికెళ్లి మాడిన పప్పు దించి వచ్చింది.

"ఇప్పుడు ఆ రెండోది ఇటు చూపించు."

బిస్కెట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది. విరిచింది. వేలికంటిన జిడ్డు మరో వేలితో రాసి చూసింది. "డాల్డా కాదే ఇది. నెయ్యి. గేదెనెయ్యి, ఇంట్లో కాచింది. కాస్త ఎక్కువ ఎర్రగా కాచారు కూడాను."

నూర్‌బీ చప్పున తలెత్తింది. కంగారులో నాలుక మైదాని పట్టుకుంది గానీ నేతిని వదిలేసింది. ఈ వారం భట్టీకి వచ్చిన ఇళ్లు డెబ్భై దాకా ఉన్నాయి. అందరివీ డాల్డా డబ్బాలే. నెయ్యి తెచ్చింది ఒక్కటే ఇల్లు.

"పెనుగొలను బసవపున్నయ్యగారు," అంది.

"ఆ మోతుబరా? ఛ."

"డాల్డా వాసన తగిలితే వాళ్లావిడ సీతారావమ్మగారికి వాంతులంట. నెయ్యి చెంబు ఆయనే స్వయంగా తెచ్చి, రేకు భట్టీలోకి పోయేదాకా బల్ల మీద కూర్చుని కనిపెట్టుకుని ఉంటాడు. ఇంకోటి చూడు పిన్నీ." డబ్బాతో పాటే పట్టుకొచ్చిన పచ్చదారం విప్పకుండా చూపించింది. "నేను వేసేది లాగితే ఊడొచ్చే ముడి. ఇది లాగినకొద్దీ బిగుస్తోంది. అందుకే విప్పలేక పక్కకి తప్పించాను."

మేరమ్మ దారం వెలుగుకి పెట్టి చూసింది. ఊళ్లు తిరిగిన మనిషి. పశువుల కొట్టాల పక్కన పురుళ్లు పోసిన మనిషి. "గిత్తని గుంజకి కట్టే ముడి," అంది. "బేకరీలో పనిచేసే చెయ్యి కాదు."

అంటే కరెంటు పొయ్యివాడు కాదు. ఒక భయం పోయింది. దాని చోట్లో మరోటి వచ్చి కూర్చుంది. పెనుగొలనులో అంత పరువున్న రైతు, ఎవరి జోలికీ పోని మనిషి, ఆరేళ్ల పిల్ల మీద అంత కసి ఎందుకు పెట్టుకుంటాడు?

"మూడింటికి వస్తాడు, గంపలగూడెం బస్సుకి," అంది నూర్‌బీ. "వాళ్లవి ఇంకా రెండు డబ్బాలున్నాయి."

మేరమ్మ లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. మనవరాలిని పక్కింటావిడకి అప్పజెప్పి, ఆవిడ వద్దంటున్నా వినకుండా వాళ్లింట్లోని రొట్టె ముక్కలు అటక మీదికి ఎక్కించి, "పద" అంది.

* * *

బసవపున్నయ్య మూడు దాటాక వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి. తెల్లపంచె, భుజాన కండువా, చంకలో గొడుగు. గుమ్మంలోకి మనిషి కంటే ముందు గొంతు వస్తుంది.

"ఏమోయ్ ఖాజావలీ! మా డబ్బాలు రెడీయేనా? బస్సు తిరిగొచ్చేలోగా తెమల్చాలి. ఓహో, నర్సమ్మగారు కూడా ఉన్నారే. బాగున్నారా?"

"మీ దయ," అంది మేరమ్మ బల్ల మీద నుంచి కదలకుండా.

ఖాజావలికి ఏం చేయాలో తోచక భట్టీలో లేని బొగ్గులు కెలుకుతున్నాడు. నూర్‌బీ అంతకుముందే అతనికి చెప్పింది: నోరు మెదిపితే ఊరుకోనని. ఇప్పుడు ఒక పళ్లెంలో బిస్కెట్లు పెట్టుకుని నవ్వు మొహంతో ఎదురెళ్లింది.

"ఒకటి రుచి చూసి చెప్పండి, బాబుగారూ. ఎవరి ఇంటివో చెప్పుకోండి చూద్దాం."

"పరీక్షలా నాకు?" నవ్వుతూ కూర్చున్నాడు. గొడుగు కాళ్ల సందున పెట్టుకుని బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు. వెంటనే మొహం విప్పారింది. "ఇదేం పరీక్షమ్మాయ్! మావే. మా ఇంటి నెయ్యి నాకు తెలీదా? మా ఆవిడ మాడిందాకా కాస్తుంది, ఆ ఎర్ర వాసన ఊళ్లో ఇంకే నేతికీ రాదు."

"నిజంగా మీవేనా?"

"ముమ్మాటికీ మావే."

నూర్‌బీ అతని పక్కనే డబ్బా తిరగేసి పెట్టింది. "ఇందులోంచి తీశానండి. ఇది మేరమ్మ పిన్ని డబ్బా."

బసవపున్నయ్య నమలడం ఆపేశాడు.

"అయితే? మీరే కలిపేసి ఉంటారు. డెబ్భై ఇళ్ల డబ్బాలు, ఇద్దరు మనుషులు."

"దారం కట్టింది కూడా మేమేనా? ఇదుగో ముడి. నాకు ఈ ముడి రాదు. ఆయనకీ రాదు. మేం పశువుల్ని కట్టం కదండీ."

"ఏంటి, నన్ను దొంగనంటావా?" గొంతు కప్పుకి తగిలింది. గొడుగు కింద పడింది. "బిస్కెట్లు కొట్టేసే ఖర్మ నాకేంటి? ఖాజావలీ! మీ ఆవిడ ఏం మాట్లాడుతోందో వింటున్నావా?"

"వింటున్నానండి," అన్నాడు ఖాజావలి. భయపడుతూనే, కర్ర నేలకానించి భార్య పక్కకి వచ్చి నిలబడ్డాడు. "మా ఆవిడ నాలుక తప్పు చెప్పదండి."

నూర్‌బీకి అప్పటిదాకా అణచుకున్నదంతా పొంగుకొచ్చింది. "దొంగంటే బాధగా ఉందా? ఆ డబ్బా పండగ పూట పిల్ల చేతికి ఇచ్చుంటే ఏమయ్యేదో తెలుసా మీకు? అవి తింటే సువార్త చచ్చిపోయేది! పసిపిల్ల మీ గడ్డివాము తగలబెట్టిందా, మీ గట్టు దున్నిందా? ఏం చేసింది మిమ్మల్ని?"

"చచ్చిపోవడమేంటి?" బసవపున్నయ్య నిజంగానే తెల్లబోయాడు. అది నటన కాదని ముగ్గురికీ తెలిసింది. "నెయ్యి పోసి చేసిన బిస్కెట్టు తింటే చచ్చిపోవడమేంటి? అంతకంటే మేలైనవి ఈ భట్టీలో లేవే! అయినా ఆ పిల్లకి నయమైపోయింది కదా. ఆ జొన్నబిస్కెట్లతోనే పొట్ట దిగి ఒళ్లు చేసిందని మీరే అన్నారుగా గురువారంనాడు!"

అన్న తర్వాత గానీ తను అన్నదేంటో ఆయనకి తెలియలేదు.

నూర్‌బీ నోరు తెరిచింది. మేరమ్మ చెయ్యి ఆమె మోచేతి మీద పడింది. ఆగు అన్నట్టు నొక్కింది. గురువారం. అవును, మేరమ్మకి గుర్తొచ్చింది. పిల్లని వెంటబెట్టుకుని తను ఇక్కడికి వచ్చింది. కాలి చల్లారిన బిస్కెట్లు చూసి, మనవరాలి గౌను పైకెత్తి, 'చూడవే, కుండలా ఉండే పొట్ట ఎట్లా అయిందో, ఎంత ఒళ్లు చేసిందో, ఇక ఈ బిస్కెట్లే దీనికి' అంటూ మురిసిపోయింది. తలుపవతల బల్ల మీద ఒక మనిషి నెయ్యి చెంబుతో కూర్చుని ఉన్నాడు. చివర ఉన్నది విన్నాడు. ముందున్న పది నెలల కథ వినలేదు.

కసి కాదు. పగా కాదు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. దాన్ని మేరమ్మ పురిటి గది గుమ్మంలో అడిగే గొంతుతో, నెమ్మదిగా అడిగింది.

"బసవపున్నయ్యగారూ. మీ అమ్మాయి మాణిక్యానికి పురుడు పోసింది నేను. మూడేళ్లయింది. ఆ బిడ్డని ఇంతవరకూ ఒక్కసారి కూడా నాకు మళ్లీ చూపించలేదు మీరు. ఎట్లా ఉంది?"

ఆ పెద్దమనిషి కిందపడ్డ గొడుగు తియ్యబోయి తియ్యలేక, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఖాజావలి గబగబా వెళ్లి వీధి తలుపు ఓరగా వేసి వచ్చాడు. నూర్‌బీ చెంబుతో నీళ్లిచ్చింది. రెండు గుక్కలు తాగాడు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు.

"నేనే తీశాను. శుక్రవారం పొద్దున, మీరిద్దరూ రేకులు దించుతుంటే, గూట్లో నర్సమ్మ డబ్బా మూత తీసి, అవి నా కండువాలో మూటగట్టుకుని, నావి అందులో పోశాను. నలభై ఏళ్ల సేద్యంలో ఒకడి పరక ముట్టలేదు నేను. అయినా దొంగతనం అనుకోలేదమ్మా నూర్‌బీ, నీ మీదొట్టు. జొన్నవి తీసి నేతివి పెడుతున్నాను కదా, ఆ పిల్లకి మేలే చేస్తున్నాననుకున్నా. దానికి నయమైంది, ఇక మందుతో పనేముంది, కమ్మగా తింటుందిలే అనుకున్నా.

"మా మనవరాలి పేరు అక్కమ్మ. మా అమ్మ పేరు పెట్టుకున్నాం. మూడేళ్లొచ్చాయి, ఇంకా లేచి నిలబడదు. పొట్ట ఇదిగో ఇంత. కాళ్లు చూస్తే చీపురు పుల్లలు. పక్షిదోషం అన్నారు, తాయెత్తులు కట్టించాం. గ్రహణి అన్నారు, కషాయాలు పోశాం. అల్లుడు వచ్చి చూసి, మాణిక్యాన్ని ఇక్కడే వదిలేసి వెళ్లాడు. బయటికి తీసుకొస్తే నలుగురూ నాలుగు మాటలంటారని మా ఆవిడ పిల్లని గది దాటనివ్వదు. నీకు చూపిద్దామని రెండుసార్లు తిరువూరు దాకా వచ్చాను నర్సమ్మా. బస్టాండులో కూర్చుని వెనక్కి వెళ్లిపోయాను. బసవపున్నయ్య ఇంట్లో పిల్ల ఇట్లా ఉందంటారా అని సిగ్గు. అంతే. సిగ్గు.

"గురువారంనాడు ఆ బల్ల మీద కూర్చుంటే, తలుపు సందులోంచి మీ పిల్ల కనపడింది. దాని పొట్ట కనపడింది. పదినెలల కిందట చర్చి సందులో నేను చూసిన పిల్లేనా ఇది అనుకున్నా. ఈ బిస్కెట్లే అన్నావు నువ్వు. నా చెవులతో విన్నాను. అడిగితే ఇచ్చేవాళ్లే మీరు. అడగలేకపోయాను. ఎవరికి అంటే ఏం చెప్పను?

"శుక్రవారం నుంచి పెడుతున్నాం. ఇష్టంగా తింటోంది, ఇంకా కావాలంటోంది, నోరు తెరిచి ఏదన్నా అడగడం అదే మొదటిసారి. కానీ గుణం కనపడలేదు నర్సమ్మా. నిన్నటి నుంచి మరీ వాలిపోయింది. అందుకే ఇవాళ వచ్చాను, ఇంకో డబ్బా దొరుకుతుందేమోనని. ఎన్ని పెట్టాలో, ఎట్లా పెట్టాలో మాకు తెలీదుగా. అంత బలమైన మందు వట్టి కడుపున పడితే పిల్ల తట్టుకోలేదని, మేమే జాగ్రత్తపడి, ముందు గిన్నెడు గోధుమరవ్వ జావ పట్టించి, దాని మీద ఒక బిస్కెట్టు పెడుతున్నాం. నీరసపడిందని నిన్నటి నుంచి జావ మూడు పూటలా చేశాం."